నోట్లో నిప్పు, సీసాలో నీళ్ళు

నా పై అంగిలి సగం నాది, సగం పళ్ళ డాక్టరు చేసి ఇచ్చినది. ఆ రెండో సగం ఎర్రటి గట్టి పలక. తిన్న ప్రతిసారీ తీసి కడుక్కుని మళ్ళీ పెట్టుకుంటాను. అది ఉంటే మాట్లాడతాను. తీస్తే ఎవరికీ అర్థం కాని కూతలు కూస్తాను. ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదట్లో సిగ్గు, తర్వాత బద్ధకం. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో నా ఈడు ఆడవాళ్ళు ఇంకా వరండాల్లో కూర్చుని నేను చేసిన పనే చేస్తున్నారు. రెండో కారణం రూతమ్మ సిస్టరు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు గురించి అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. ఆపరేషన్ బల్ల దాకా నన్ను నడిపించుకుని వెళ్ళిన మనిషి గురించి ఎవరూ చెప్పరు.

మా నాన్నకి శ్రీకాకుళం దగ్గర కిరాణా కొట్టు ఉండేది. నడక రాకముందే నన్ను బెల్లం దిమ్మల పక్కన కూర్చోబెట్టేవారట. బడి చదువు ఐదో తరగతితో ఆగింది గానీ బేరం చదువు ఆగలేదు. పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చాక క్వార్టరు వరండాలోనే చింతపండు, ఎండుమిరపకాయలు, అప్పడాలు, మా ఊరి నుంచి తెప్పించిన చుట్టలు పెట్టుకుని అమ్మేదాన్ని. తెలుగు, బెంగాలీ, హిందీ, అవసరమైతే ఒడియా, ఇలా నాలుగు భాషల్లో బేరమాడేదాన్ని. గోల్‌బజార్‌లో చేపలమ్మే బెంగాలీ దాదా ఒకడు ఒకసారి నిజం చెప్పేశాడు. నేను మలుపు తిరగడం కనిపిస్తే చాలు, అక్కడివాళ్ళంతా ధర పెంచేసుకుంటారట. గంటసేపు గొంతు చించుకుని నేను దింపేది ఆ పెంచినదాన్నే. అయినా మానలేదు. బేరం లేకుండా కొన్న చేప నాకు రుచించదు.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో, బాయిలర్ షాపులో పనిచేస్తాడు. రోజంతా ఇనప రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య ఉండి ఉండి చెవులు సగం పోయాయి. కాబట్టి ఇంట్లో మాట్లాడే పనంతా నాదే. ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆయన వంతు మాటలు కూడా నేనే వాడేసుకున్నాను.

మా వైపు ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసను నోటి లోపలికి పెట్టుకుంటాం. దాన్ని అడ్డపొగ అంటారు. బయటివాళ్ళు చూస్తే జడుసుకుంటారు. మాకు మాత్రం అందులో అన్నీ సుఖాలే కనిపించేవి. గాలికి ఆరదు. చంకలో పిల్ల ఉంటే దాని మీద నిప్పురవ్వ పడదు. రెండు చేతులా గిన్నెలు తోముకుంటూ కాల్చుకోవచ్చు. పైగా ఒక్కో చుట్ట ఎక్కువసేపు వస్తుంది. పధ్నాలుగో ఏట పంటినొప్పికని మా అమ్మ నేర్పినప్పుడు, ఆ చివరి సుఖం విని నేను పడిపోయాను. కొట్టువాళ్ళ పిల్లని కదా, పొదుపు అంటే ప్రాణం. ముప్పై ఏళ్ళు అలా పొదుపు చేశాను.

పందొమ్మిది వందల అరవైల నడుమ ఒక సంవత్సరం, రథయాత్ర నాడు, వేడి చారు తాగితే అంగిలిలో సూది దిగినట్టయింది. నాలుకతో తడిమితే అక్కడ పెచ్చులూడిన గోడలాగా గరుకు. మా వదిన సన్నెమ్మ, అంటే మా ఆయన అక్క, భర్త పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. ఆవిడ నా నోట్లోకి చూడకుండానే తేల్చేసింది.

"సుట్ట కాలిన పుండేనే. ఇంకో సుట్ట కాల్సీ, అదే మాడిపోద్ది. మాయమ్మకి అలగే తగ్గిపోనాది."

"మీయమ్మ దేనితోటి పోనాది వదినా?"

"అది ఏరే జబ్బులే."

చుట్ట పుండుకి చుట్టతోనే వైద్యం చేసుకోవడం మావాళ్ళకే చెల్లు. నెలరోజులు చేశాను. రోజుకు ఎనిమిది కాల్చేదాన్ని, వైద్యం మొదలెట్టాక పది అయ్యాయి.

శ్రావణం మొదట్లో పన్ను కదిలిందని రైల్వే ఆసుపత్రికి వెళ్ళాను. పడుచు డాక్టరు ఒకాయన నోట్లోకి చూసి ఇంకొకాయన్ని పిలిచాడు. ఆయన మూడో ఆయన్ని పిలిచాడు. ముగ్గురూ చూసి ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడుకున్నారు. సరుకు మంచిదైతే కొట్టువాడు గట్టిగా చెప్తాడు, పుచ్చిపోయిందైతే గొంతు తగ్గిస్తాడు. ఆ మాత్రం నాకు తెలుసు. చిన్న ముక్క కోసి పరీక్షకి కలకత్తా పంపారు. జవాబు వచ్చేదాకా పన్నెండు రోజులు ఆ వరండాలో బల్ల మీద కూర్చోవడం, రాలేదంటే లేచి ఇంటికి పోవడం. ఒకరోజు పక్కన కూర్చున్న బెంగాలీ ముసలావిడ నా ముఖం చూసి ఏమనుకుందో, తన కొంగులోని మరమరాలు సగం నా చేతిలో పోసి "ఖావ్, మా" అని తినమంది. నమలలేను. కాదనలేను. ఆవిడ కొడుకు వచ్చి తీసుకువెళ్ళేదాకా గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాను. ఆ మరమరాల మెత్తదనం ఇప్పటికీ అరచేతికి గుర్తుంది.

పెద్ద డాక్టరు బెంగాలీ ఆయన. నెరిసిన మీసం, చెప్పేది సూటిగా చెప్పేస్తాడు. "దీదీ, కేన్సర్" అన్నాడు. మా ఆయనకి వినపడలేదు. "ఏటంతన్నాడే?" అని నన్ను అడిగాడు. ఇంకోసారి మెల్లగా చెప్పాను. వినపడలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "కేన్సరంట!" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నా జబ్బు పేరు పదిమందికీ దండోరా వేసింది నేనే.

బతుకుతానా అని నేను అడగలేదు. "నా మాట?" అని అడిగాను.

పుండున్న అంగిలి తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు ఉండదన్నాడు. కొన్నాళ్ళు మాట రాదు. తర్వాత అక్కడ పలక అమరుస్తారు. "నేర్చుకుంటే వస్తుంది" అన్నాడు. ఆ "నేర్చుకుంటే" నాకు కొట్టువాడి "చూద్దాంలే"లా వినిపించింది. ఎవరైనా "చూద్దాంలే" అంటే ఆ సరుకు రాదని అర్థం. నాకు నోరు తప్ప ఇంకేం ఉంది? రూపం లేదు, చదువు లేదు. నలుగురిలో నన్ను నిలబెట్టేది ఆ నోరే.

"ఇవాళే కోసెయ్యండి డాక్టరు బాబూ" అన్నాను మొండిగా.

ఆయన నా ఛాతీ మీద గొట్టం పెట్టి విని నవ్వాడు. "లోపల లోకో షెడ్ ఉంది దీదీ, ఇంజన్లన్నీ బుసకొడుతున్నాయి. ఇవాళ కోస్తే బల్ల మీదే పోతావు." పళ్ళు పుచ్చి ఉన్నాయి, ఒంట్లో రక్తం లేదు, ఊపిరితిత్తుల నిండా కఫం. ఆరు వారాలు ఒంటిని సిద్ధం చేయాలన్నాడు. చేసేది తను కాదు, రూతమ్మ సిస్టరు. ఆమె ఏది చెప్తే అది వినాలి.

రూతమ్మ సిస్టరుది కాకినాడ వైపు. పొట్టి మనిషి, తెల్లచీర కొంగు నడుముకి దోపి ఉండేది. ఎప్పుడూ చేతిలో ఏదో ఒకటి తుడుస్తూ మాట్లాడేది. మొదటి రోజు థర్మామీటరు తుడుస్తూ మొదలుపెట్టింది.

"చూడమ్మా అప్పలకొండమ్మా, రోజుకి ఎనిమిది గుడ్లు తినాలి."

"ఎనిమిదా! గుడ్డన్నదే నాకు కిట్టదు. ఒక్కటి."

"ఆరు."

"ఒకటిన్నర."

"సగం గుడ్డు ఎక్కడ దొరుకుతుందమ్మా? నాలుగు. ఇక నోరెత్తకు."

"రెండు. అదీ మీ మొకం సూసి."

ఆమె చాలా నష్టపోయినట్టు నిట్టూర్చి, రెండని రాసుకుంది. పాలు, అరటిపళ్ళు, మేం చోడి జావ అనే రాగి జావ, పొద్దునా సాయంత్రం నడక, అన్నీ అలాగే సగానికి దింపాను. గెలిచిన సంతోషంలో చివరి అంశానికి వచ్చాను.

"సుట్టలు అయిదుకి తగ్గించుకుంతాను."

"ఒక్కటీ లేదు."

"మూడు. బోజనాలయ్యాక."

"ఒక్కటీ లేదమ్మా."

గొంతు పెరగలేదు, తగ్గలేదు. థర్మామీటరు తుడుస్తూనే ఉంది. అప్పుడు నా దగ్గరున్న ఆఖరి ఆయుధం తీశాను. లేచి నడిచాను. ఏ కొట్టులోనైనా మూడో అడుగు పడేలోపు వెనక్కి పిలుస్తారు. వరండా దాటాను, మెట్లు దిగాను, గేటు దాకా వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. ఎండలో గేటు దగ్గర నిలబడ్డాను. వర్క్‌షాపు మధ్యాహ్నం సైరన్ మోగింది. ఇంకాసేపు చూశాను. చెప్పు తెగినట్టు వంగి కాలు చూసుకుని, నా అంతట నేనే వెనక్కి వచ్చాను.

సిస్టరు స్టూలు ముందుకు జరిపింది. "కూర్చోమ్మా. ఇప్పుడు సీసాల సంగతి చూద్దాం."

రెండు పెద్ద సీసాలు, బిరడాలు, వాటి మధ్య రబ్బరు గొట్టం. ఒక సీసాలో గులాబీ రంగు నీళ్ళు. ఊది ఊది ఆ నీళ్ళను రెండో సీసాలోకి పంపాలి. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికట. మొదటిరోజు రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు కదిలాయి, నాకు కళ్ళనీళ్ళు వచ్చేంత దగ్గు వచ్చింది. పక్కన ఊదుతున్న ఒడియా ముసలాయన సగం సీసా పంపేశాడు. అంతే, నాకు పట్టుదల పుట్టింది. మొదటి నాలుగు వారాలు రోజూ పొద్దున్నే వెళ్ళి ఊది వచ్చేదాన్ని. ఐదు పుచ్చు పళ్ళు పీకించుకున్నాను. ఉప్పునీళ్ళతో రోజుకు ఆరుసార్లు పుక్కిలించాను.

సిస్టరు పని పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "దైర్నంగుండు" అని చెప్పి కాఫీ తాగి వెళ్ళేవారు. ఆమె ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. బదులు రోజుకొక వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టేది. "ఇది ముక్కులోంచి కడుపులోకి వెళ్ళే గొట్టం. వంచి చూడు. నోటితో తినలేనన్నాళ్ళూ ఇందులోంచి పాలు పోస్తాం." "ఇది మత్తు ఇచ్చే మాస్కు. ముఖానికి పెట్టుకుని వాసన చూడు. రబ్బరు కంపు కొడుతుంది, అంతే." ఆపరేషన్ గది తలుపు దాకా కూడా ఒకరోజు నడిపించి తీసుకెళ్ళి, ఏ వైపు తల పెడతారో చెప్పింది. చేత్తో పట్టి చూసిన వస్తువంటే అంత భయం ఉండదు. ఈ కిటుకు ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు.

చివరి రెండు వారాలు వార్డులో చేర్చుకున్నారు. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

వదిన రోజూ చోడి జావ క్యారేజీలో తెచ్చేది. ఒకరోజు అడుగు గిన్నెలో ఒక చుట్ట, అగ్గిపెట్టె ఉన్నాయి. "ఒక్క దమ్ము లాగీ. గుండి నిలబడతాది. ఆ సిస్టరికేటి తెల్సు, సుట్ట ముట్టిందా ఎప్పుడైనా?" అంది చెవిలో. అడ్డపొగకి బయట నిప్పు కనపడదు. స్నానాలగదిలో ఎవరికి తెలుస్తుంది? రోజుకు ఒక్కటే, తొమ్మిది రోజులు. సిస్టరు కిటికీ దగ్గర సీసాలు చూసేది. పైకెక్కుతూ వచ్చిన నీళ్ళు ఆగిపోయాయి. ఒకసారి అడిగింది కూడా, "చుట్ట ముట్టుకోలేదు కదా?" అని. మా ఆయన మీద ఒట్టేసి లేదన్నాను.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు జ్వరం, ఆగని దగ్గు. పెద్ద డాక్టరు గొట్టం పెట్టి విని కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు. ఇంకో మూడు వారాలు వాయిదా. ఈలోగా పుండు ఆగుతుందో పెరుగుతుందో చెప్పలేనన్నాడు. తర్వాత సిస్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. భాష రాకపోయినా తిట్టు తెలుస్తుంది. ఆమె తలవంచుకుని విన్నది. తప్పు నా మీదికి తోయలేదు. నేను కప్పుకున్న దుప్పటిలోకి ఇంకా లోపలికి జరిగాను.

అది విశ్వకర్మ పూజ రోజు. ఊరంతా గాలిపటాలు ఎగరేస్తున్నారు. మా ఆయన షాపులో పూజ చేసుకుని కిచిడీ ప్రసాదం పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. వాయిదా సంగతీ, క్యారేజీలో వచ్చిన చుట్టల సంగతీ చెప్పాను, ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా. ఆ సాయంత్రం ఇంట్లో అక్కాతమ్ముడు ఎదురెదురుగా నిలబడ్డారట.

"దాన్ని సంపీడానికి తెచ్చినావేటే అప్పా?"

"అది అడిగింది, నానిచ్చినాను! దాని కోరిక తీర్సడం తప్పేటిరా?"

నేను అడగలేదు. ఆ విషయం ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు చెప్పలేదు. వద్దనలేదు కదా, అడిగినదానితో సమానమే. వాళ్ళిద్దరూ పదిహేను రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు సిస్టరు దగ్గర ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. సీసా బిరడా తీసి తుడవసాగింది.

"నా తప్పు కూడా ఉందమ్మా. మానెయ్యమని చెప్పానే గానీ, నీ భయం దేని గురించో అడగలేదు."

ఎన్ని రోజులు దాచుకున్నానో, అది గబుక్కున బయటికి వచ్చేసింది. "మాట రాకపోతే ఎలగ సిస్టరమ్మా? నాకింకేటొచ్చు? నేర్సుకుంటే వస్తాదంతన్నారు. వచ్చినోల్లని ఎవుల్నైనా నాను సూసినానా? సరుకు సూపించకండా కొనమంతన్నారు!"

ఆమె తుడవడం ఆపింది. ఆమె చేతులు ఊరికే ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఒక ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పేరు కొండమ్మ. ట్రాఫిక్ కాలనీలో ఉంటుంది, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య. నాలాగే అడ్డపొగ మనిషి, నాలాగే అంగిలి పోగొట్టుకుంది, మూడేళ్ళయింది. ఒక చెంప కొంచెం లోపలికి పోయినట్టుంది తప్ప చూడ్డానికి మామూలు మనిషి. మాటలో చిన్న ఈలలాంటిది వినిపించింది, అంతే. నాకు నమ్మకం కుదరలేదు. ఆవిడ అది కనిపెట్టి గోడ వైపు తిరిగి, నోట్లోంచి పలక తీసి, నా వైపు తిరిగి ఏదో అంది. కుండలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంది. ఒక్క అక్షరం తెలియలేదు. మళ్ళీ పలక పెట్టుకుంది.

"ఏటన్నానో తెల్సినాదా?"

"తెలీనేదప్పా."

"నువ్వు నాకన్నా సక్కగున్నావన్నాను. మల్లీ మల్లీ అనను."

వార్డంతా నవ్వింది. పక్కన కూర్చుని తన కథ చెప్పింది. ఆ మాటల్లో గుడ్ల సంగతి వచ్చింది. "నాకు పన్నెండు తినమంది. ఏడిసి, కాళ్ళట్టుకుని రెండుకి దింపినాను."

నేను సిస్టరు వైపు చూశాను. ఆమె కిటికీ అద్దం తుడవడంలో మునిగిపోయింది. నన్ను చూసి ధర పెంచుకునే గోల్‌బజార్ దాదాల కన్నా ఘనురాలు! మొదటి నుంచీ ఆమెకు కావలసింది రెండే. అన్నీ సగానికి దింపానని నేను మురిసిపోయిన బేరమంతా ఆమె నా చేత ఆడించినదే. బేరానికి పెట్టనిది ఒక్క చుట్టనే. కోపం రావాలి. రాలేదు. నాకన్నా పెద్ద బేరగత్తెకి దండం పెట్టాలనిపించింది.

కొండమ్మ వెళ్ళేముందు ఆవిడతో ఒక పందెం వేశాను. నా పళ్ళెంలో అరటిపండు ఉంది. "ఇది అమ్ముతాను, కొను" అన్నాను. ఇద్దరం మొదలుపెట్టాం. ఆవిడ పండుకి మచ్చలున్నాయంది, కాడ ఎండిపోయిందంది, మీ వరండా సరుకంతా ఇంతేనని విన్నానంది. వార్డులో అందరూ మంచాల మీద లేచి కూర్చున్నారు. చివరికి పండు ఊరికే ఆవిడ చేతిలో పెట్టాను. సగం అంగిలి లేని మనిషి నా పండు ఊరికే పట్టుకుపోయింది. అంత ధైర్యం నాకు ఏ గెలుపూ ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి చుట్ట ముట్టలేదు. వారం గడిచేసరికి నీళ్ళు సీసా మెడ దాకా ఎక్కాయి.

ఇక ఆపరేషన్ అయ్యాక రాబోయే మాట లేని వారాలకి ముందే సిద్ధం కావాలి. బడిపిల్లల పలక మీద రాసి చూపించవచ్చు గానీ మా ఆయన అంత తొందరగా చదవలేడు. సిస్టరు ఆయన్ని కూర్చోబెట్టి "షాపులో అంత చప్పుడులో మీరంతా ఎలా మాట్లాడుకుంటారు?" అని అడిగింది. ఆయన చేతులు ఎత్తి చూపించాడు. బిగించు, వదులు, ఇంకొంచెం, ఆగు, వేడి, జాగ్రత్త, మేస్త్రీ వస్తున్నాడు. బాయిలర్ షాపులో వేళ్ళతోనే పూర్తి సంభాషణ నడుస్తుందట. ఇంట్లో ఆయన అలా చేతులు తిప్పితే ఈగలు తోలుతున్నావా అని ఇన్నేళ్ళూ ఎగతాళి చేశాను. ఇప్పుడు డ్యూటీ దిగి నూనె మరకల చేతులతో వచ్చి, మంచం పక్కన కూర్చుని నాకు నేర్పేవాడు. నీళ్ళకొక గుర్తు, నొప్పికొకటి, తల ఎత్తమనడానికొకటి. "కాదే, బొటనేలు లోపలికెట్టు. అలగ సూపిత్తే 'ఇంజిను గెంటీ' అనర్తం" అని విసుక్కునేవాడు. పెళ్ళయ్యాక ఆయన అన్ని మాటలు మాట్లాడింది ఆ మూడు వారాల్లోనే. వేళ్ళు ఆడిస్తూ ఒకరోజు మధ్యలో ఆగిపోయి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. భయానికి గుర్తు లేదేమో వాళ్ళ షాపులో.

నోట్లో పెట్టే పలక కోసం పళ్ళ డాక్టరు ముందుగానే మైనం మెత్తగా చేసి నా అంగిలికి అద్ది అచ్చు తీసుకున్నాడు. డోకు వచ్చి ఆయన చొక్కా పాడుచేశాను. రెండోసారికి సిస్టరు నా చేత ముక్కుతో గాలి పీల్పించి అచ్చు తీయించింది. సీసాలు ఊదింది దీనికి కూడా పనికొచ్చింది.

దుర్గాపూజ సెలవులు ముగిసిన మర్నాడు ఆపరేషన్. పొద్దున్నే నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. సిస్టరు వస్తుందని, చెయ్యి పట్టుకుంటుందని నా ఆశ. ఆమె రాలేదు. స్ట్రెచర్ వార్డు చివర మలుపు తిరుగుతుంటే కనిపించింది. కొత్తగా చేరిన ఒక బిహారీ ముసలామె ముందు సీసాలు పెట్టి కూర్చుంది. "ఫూంకో అమ్మా, ఔర్ ఫూంకో." నా వైపు ఒకసారి తల ఎత్తి చూసి, తల ఊపి, మళ్ళీ సీసా వైపు తిరిగింది. ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. తర్వాత అర్థమైంది. నాలో ఆమె చేయాల్సిన పని ఇంకా మిగిలి ఉంటే ఆమె నా పక్కన ఉండేది. తలుపు తెలుసు, మాస్కు వాసన తెలుసు, తల ఎటు పెడతారో తెలుసు. రబ్బరు కంపు కొట్టింది. అంతే.

మెలకువ వచ్చాక జరిగిన సంగతులు ఎక్కువ రాయను. నొప్పి ఉంది. ముక్కులో గొట్టం ఉంది. కళ్ళు తెరిస్తే మా ఆయన నిలబడి ఉన్నాడు. నేను రెండు వేళ్ళు ఎత్తాను, నీళ్ళు. ఆయన తడి దూది పెదవులకి అద్దాడు. ఛాతీలో కఫం చేరలేదు. పెద్ద డాక్టరు రెండో రోజు గొట్టం పెట్టి విని "లోకో షెడ్ బంద్!" అన్నాడు, సిస్టరు వైపు చూసి. ఈసారి ఆమె తల వంచలేదు.

కార్తీకంలో గొట్టం తీశారు. తర్వాత కేన్సర్ మళ్ళీ రాకుండా కలకత్తాలో కొన్నాళ్ళు కరెంటు పెట్టించుకున్నాను. మార్గశిరంలో గట్టి పలక వచ్చింది. అది పెట్టుకుని మొదటిసారి నోరు తెరిచి, ఇంటివాళ్ళందరి ముందూ మా ఆయన్ని అన్నం తిన్నావా అని అడిగాను. అందరూ తల ఊపి నవ్వారు. ఎవరికీ అర్థం కాలేదని ఆ నవ్వే చెప్పింది. జాలి ముఖాలు నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

సిస్టరు దగ్గరికి వెళితే ఓదార్చలేదు. రైల్వే టైంటేబుల్ ఇచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి మీ ఊరి దాకా ఒక్కో స్టేషన్ పేరు గట్టిగా చదువు, పక్కింటివాళ్ళకి స్పష్టంగా అర్థమైతేనే తర్వాతి స్టేషన్‌కి వెళ్ళు అంది. హిజిలీ రెండు రోజులు. బాలాసోర్ నాలుగు రోజులు. కటక్ దగ్గర బండి పన్నెండు రోజులు ఆగిపోయింది. ఆ "క" గొంతు వెనక నుంచి ముక్కులోకి జారిపోయేది. పక్కింటి బెంగాలీ కోడలు గోడ మీంచి "హోలో నా, మాసీ, ఆర్ ఏక్‌బార్" అనేది. కాలేదట, ఇంకోసారి. పంతమో దయో గానీ ఆ పిల్ల ఒక్క అక్షరం తగ్గించలేదు. మాఘంలో ఒక పొద్దున పలాస దాటి శ్రీకాకుళం రోడ్ చేరాను. గోడ అవతల చప్పట్లు వినిపించాయి.

వరండాలో చుట్టలు అమ్మడం ఎప్పుడో మానేశాను. అయితే మా వదిన కాల్చడం మానలేదు. అదే వరండాలో, అదే మూల, నిప్పు లోపలికి. ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "నీ మాట తెల్టం నేదే" అనేది. నా లోపాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకుంటోందని తెలుసు. అయినా ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది.

శ్రీకాకుళం రోడ్ చేరిన మర్నాడు ఆవిడ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు.

"వదినా, సుట్ట తీసి నోరు తెరు. నాను సూడాలి."

"ఏటంతన్నావో నాకు తెల్టం నేదు."

"సుట్ట తీ. నోరు తెరు. రేపు నాతోటి సిస్టరమ్మ కాడికి రావాల."

"తెల్టం నేదంతన్నాను కదా."

నేను బేరమాడలేదు. అయిదు కాదు, మూడు కాదు. అదే మాట, ఇంకా గట్టిగా, ఒక్కో అక్షరం స్టేషన్‌లా ఆపుతూ మళ్ళీ అన్నాను. ఇంకోసారి అన్నాను. కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగింది. ఎవరో కిటికీ తలుపు తెరిచారు. గోడ మీంచి బెంగాలీ కోడలి తల కనిపించింది. నాలుగోసారికి ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోతుంటే వదిన గాభరాగా నా మోకాలు పట్టుకుంది.

"ఊరుకోయే తల్లీ! ఊరి సివర తాల్‌బగీచా దాకా ఇనబడిపోతంది" అని, చుట్ట తీసి అవతల పడేసి, వెలుతురు వైపు తిరిగి నోరు తెరిచింది.